ముందు మంచాలమ్మకు

గురువారం పొద్దున ఎమ్మిగనూరు బస్టాండులో మంత్రాలయం బస్సు ఎక్కడమంటే యుద్ధమే. నా చిన్నప్పుడు మా అవ్వ కిటికీలోంచి సీటు మీదికి తువ్వాలు విసిరి, నన్ను జనం కాళ్ళ సందుల్లోంచి లోపలికి తోసేది. అవ్వ ఒళ్ళో ఎప్పుడూ ఒక సంచి. అందులో పసుపు, కుంకుమ, రెండు కొబ్బరికాయలు, ఒక రవికెగుడ్డ. మా ఇంట్లో రెండు మగ్గాలుండేవి. మగ్గం మీద కూర్చునేది తాత, చిన్నాయన. నూలు తోడేది, కండెలు చుట్టేది, పడుగుకు గంజి పెట్టేది అవ్వ, అమ్మ, మేము. 'నేసేవాళ్ళు' అనే మాట మాత్రం వాళ్ళిద్దరికే. ఏడాదికొకసారి తాతనడిగి ఒక గుడ్డముక్క అవ్వ తన వంతుగా తీసిపెట్టుకునేది. సంచిలోది అదే.

తుంగభద్రలో మునిగి లేచాక నేను రాఘవేంద్రస్వామి బృందావనం వైపు పరిగెత్తబోతే అవ్వ జడ పట్టుకుని వెనక్కి లాగేది.

"యాడికి? ముందు అమ్మను చూడల్ల."

"ముందు స్వామిని చూస్తే ఏమయితది అవ్వా?"

"ఊరు ఆమెది. ఆయప్పకు ఇంత జాగా ఇచ్చి ఉండమనింది ఆమె. ఇంటామెను పలకరించకుండ లోపలికి పోతామా యాడన్న?"

అలా ముందు మంచాలమ్మ గుడికి పోయేవాళ్ళం. రవికెగుడ్డ అక్కడ ఇచ్చి, కుంకుమ పెట్టుకుని, తర్వాతే స్వామి దర్శనం. మంత్రాలయం పోయే లక్షలాదిమంది ఇప్పటికీ చేసేది ఇదే. మఠమూ ఇదే పద్ధతి చెబుతుంది. ఇందులో మా అవ్వ కనిపెట్టిన విశేషమేమీ లేదు. కానీ "ఇంటామె" అన్న మాట మాత్రం అవ్వదే. చరిత్ర పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్ళకుగాని ఆ మాటలో ఎంత చరిత్ర ఉందో నాకు అర్థం కాలేదు.

ఆయనకు తిథి ఉంది

మంత్రాలయం చరిత్ర రాయమంటే ఎవరైనా ఒక గంటలో రాయగలరు. అంత సామగ్రి ఉంది. తమిళనాడులోని భువనగిరిలో వెంకటనాథుడిగా పుట్టిన మధ్వ పండితుడు 1620లలో సన్యాసం తీసుకుని రాఘవేంద్రతీర్థులయ్యాడు. మఠాధిపతిగా ఎన్నో ఊళ్ళు తిరిగి చివరికి తుంగభద్ర ఒడ్డుకు వచ్చాడు. 1671 శ్రావణ బహుళ విదియనాడు సజీవంగా బృందావన ప్రవేశం చేశాడని భక్తుల విశ్వాసం. ఆ తిథికే ఏటా ఆరాధన జరుగుతుంది. ఆయన చరిత్రను సంస్కృతంలో 'రాఘవేంద్ర విజయం'గా రాసిన నారాయణాచార్యుడు స్వయంగా ఆయన మేనల్లుడే. ఆయనకు గురుపరంపర ఉంది, గ్రంథాలున్నాయి, తిథి ఉంది, చరిత్రకారుడున్నాడు.

ఆమెకు ఇవేవీ లేవు. మంచాలమ్మ ఎప్పటి నుంచి అక్కడ ఉంది? గుడి ఎవరు కట్టారు? దీనికి పుస్తకాల్లో దొరికే సమాధానం ఒకటే. ఆమె 'గ్రామదేవత', స్వామి రాకకు ముందు నుంచీ ఉంది. అంటే ఆమె కాలాన్ని కూడా ఆయన కాలంతోనే కొలుస్తున్నాం. 'ముందు నుంచీ' అన్న ఒక్క మాటలో కొన్ని వందల ఏళ్ళు ముడుచుకుపోయాయి.

అయితే ఒక ఆధారం అందరి నాలుకల మీదా ఉంది. ఊరి పేరు. మంత్రాలయం అన్నది తర్వాతి పేరు. పాత పేరు మంచాల. కన్నడంలో మంచాలె. ఊరి పేరూ అమ్మ పేరూ ఒకటే. ఊరి వల్ల అమ్మకు పేరొచ్చిందా, అమ్మ వల్ల ఊరికా అని తేల్చే పని పెట్టుకోనక్కర్లేదు. గ్రామదేవతల విషయంలో ఆ రెండూ వేరు కావు. పొలిమేర ఎంతవరకో అమ్మ అంతవరకు. అలాంటి ఊరి పేరు మారి, మంత్రాలకు నిలయమైంది. మంత్రం ఎవరి నోట్లో ఉంటుందో, ఎవరి నోట్లో ఉండకూడదో మనకు తెలుసు. పేరు మారడంలోనే ఊరి యజమాని మారిన సంగతి ఉంది.

ఎవరి ఊరు, ఎవరు ఇచ్చారు

1565 యుద్ధంలో విజయనగరం ఓడిపోయిన కొద్ది ఏళ్ళకే ఆదోని కోట బీజాపూరు ఆదిల్‌షాహీల చేతికి వచ్చింది. రాఘవేంద్రస్వామి వచ్చేనాటికి అక్కడి పాలకుడు సిద్ది మసూద్ ఖాన్. 'సిద్ది' అన్న మాటే చెబుతుంది, ఆయన వంశమూలాలు ఆఫ్రికాలో ఉన్నాయని. ఆదోనిలో ఇప్పటికీ నిలిచి ఉన్న షాహీ జామియా మసీదు ఆయన కట్టించిందే.

నవాబు స్వామిని పరీక్షించడానికి పళ్ళెంలో మాంసం పెట్టి గుడ్డ కప్పి పంపాడనీ, స్వామి నీళ్ళు చల్లి గుడ్డ తీస్తే పండ్లూ పూలూ అయ్యాయనీ మా వైపు చెప్పని ఇల్లు లేదు. పశ్చాత్తాపపడిన నవాబు సారవంతమైన ఊళ్ళు ఇస్తానంటే, స్వామి ఏ పంటా పండని మంచాలనే కోరుకున్నాడట. ప్రహ్లాదుడు యజ్ఞం చేసిన నేల అది అన్నాడట. తర్వాత దివాను వెంకన్న దగ్గరుండి బృందావనం కట్టించాడని చెబుతారు.

ఈ కథను మత సామరస్యానికి ఉదాహరణగా చెప్పడం రివాజు. ఆఫ్రికా మూలాలున్న ముస్లిం పాలకుడు, తమిళదేశంలో పుట్టిన మధ్వ సన్యాసికి, తెలుగు కన్నడాలు కలగలిసిన సీమలో భూమి ఇవ్వడం నిజంగానే గొప్ప సంగతి. ఇవాళ్టి రోజుల్లో మరీ గుర్తు చేసుకోవాల్సిన సంగతి. కాదనను. కానీ కథను మా అవ్వ వైపు నుంచి వింటే ఇంకో ప్రశ్న వస్తుంది. ఇచ్చినవాడు మగవాడు, తీసుకున్నవాడు మగవాడు, కట్టించినవాడు మగవాడు. ఇచ్చిపుచ్చుకున్న ఊరు మాత్రం ఒక ఆడదాని పేరు మీద ఉంది. ఆమెను ఎవరైనా అడిగారా?

అడిగారనే చెబుతుంది సంప్రదాయం. స్వామి మంచాలమ్మ అనుమతి తీసుకున్నాకే అక్కడ స్థిరపడ్డాడనీ, తనను చూడవచ్చే ప్రతివాళ్ళూ ముందు ఆమెను చూడాలని ఏర్పాటు చేశాడనీ అందరూ చెప్పుకుంటారు. నవాబు సనదు ఒకటి ఉండగా ఈ రెండో అనుమతి ఎందుకు అవసరమైంది? మామూలుగా దీనికి 'స్వామి వినయం' అని జవాబు చెబుతారు. నాకు అలా అనిపించదు. ఊళ్ళో మనుషులున్నారు. వాళ్ళకు ఒక అమ్మ ఉంది. వాళ్ళ దృష్టిలో భూమి నవాబుది కాదు, ఆమెది. ఆమెను కాదని అక్కడ మరో గుడి నిలబడదు. కాబట్టి ఒప్పందం జరగాలి. సనదు రాజ్యంతో చేసుకున్న ఒప్పందం. 'ముందు అమ్మ' అన్నది ఊరితో చేసుకున్న ఒప్పందం. మొదటిది కాగితం మీద ఉంది. రెండోది కాళ్ళ మీద ఉంది, మూడొందల యాభై ఏళ్ళుగా ముందు అటు నడిచి తర్వాత ఇటు నడిచే కాళ్ళ మీద.

నా మట్టుకు ఆ నడకే మంచాలమ్మ పట్టా.

రాయని గుడులు

గ్రామదేవత గుడికి శాసనం ఎందుకుండదు? శాసనం అంటే దానపత్రం. ఫలానా రాజు కాలంలో ఫలానా వారు ఇన్ని మర్తుర్ల పొలం, ఇన్ని గొర్రెలు, అఖండదీపానికి ఇంత నెయ్యి ఇచ్చారని రాతి మీద చెక్కించడం. ఇచ్చేవాడికి పుణ్యంతో పాటు పేరు కావాలి, రాసేవాడికి అక్షరం రావాలి. ఆడవాళ్ళు శాసనాల్లో లేరని కాదు. పట్టదకల్లులో విరూపాక్ష, మల్లికార్జున ఆలయాలు ఎనిమిదో శతాబ్దంలో చాళుక్య రాణులు లోకమహాదేవి, త్రైలోక్యమహాదేవి కట్టించినవే. తమిళ శాసనాల్లో గుడి ఆడవాళ్ళు తమ సొంత సొమ్ముతో దానాలు చేసి గౌరవం సంపాదించుకున్న వైనాన్ని లెస్లీ ఆర్ 2000లో వచ్చిన తన పుస్తకంలో చూపించింది. సింథియా టాల్బట్ కాకతీయుల నాటి ఆంధ్ర శాసనాల్లో స్త్రీ దాతలను పట్టించుకుంది. అయితే వాళ్ళందరి చేతుల్లోనూ ఇవ్వడానికి ఏదో ఒకటి ఉంది. కండెలు చుట్టే మా అవ్వ ఇచ్చిన రవికెగుడ్డను ఏ రాయి మీద చెక్కుతారు?

పడమటి కర్నూలు పల్లెల్లో అమ్మకు చేసే పండుగను 'దేవర' అంటారు. ఊరంతా ఇంటింటికీ ఇంత అని వేసుకుంటారు. బంధువుల్ని పిలుచుకుంటారు. యాటలు తెగుతాయి. ఆడవాళ్ళు కుండల్లో వండి నెత్తిన పెట్టుకుని పోతారు. అందరూ ఇచ్చినప్పుడు దాత అంటూ ఎవరూ ఉండరు. దాత లేని గుడికి శాసనం లేదు. శాసనం లేని గుడికి చరిత్ర లేదు. ఈ లెక్క ఎక్కడ తప్పిందో చూడాల్సింది చరిత్ర రాసేవాళ్ళమే.

1800లో నిజాం ఈ సీమను ఇంగ్లీషువాళ్ళకు దత్తం చేశాక కాగితాలు పెరిగాయి. కాలిన్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి కైఫీయతులు పోగు చేశారు. ఊరి సంగతులు వాటిలోకి ఎక్కువగా కరణాల నోటి నుంచే ఎక్కాయి. థామస్ మన్రో 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల ప్రధాన కలెక్టరు. మఠం ఈనాము రద్దు చేసే విషయమై మంచాల వచ్చిన మన్రోకు స్వామి బృందావనం నుంచి కనిపించి మాట్లాడాడనీ, పక్కనున్నవాళ్ళకు ఆ మాటలు వినిపించలేదనీ, ఈనాము నిలిచిందనీ కథ. బళ్ళారి జిల్లా గెజిటీరులో ఈ కథకు చోటు దొరికింది. ఆదోని అప్పుడు బళ్ళారి జిల్లాలో తాలూకా. అందులో ఊరి పేరు ఇంకా మంచాలే. ఒక కలెక్టరుకు ఒక సన్యాసి కనిపించాడన్నది సర్కారు పుస్తకానికెక్కింది. ప్రతి దేవరలోనూ ఎవరో ఒక ఆడమనిషి ఒంటి మీదికి వచ్చి ఊరి మంచిచెడ్డలు మాట్లాడే అమ్మ మాటలు ఏ గెజిటీరులో ఉన్నాయి?

1915లో ఎల్మోర్, 1916లో మద్రాసు బిషప్ వైట్‌హెడ్ దక్షిణాది గ్రామదేవతల గురించి పుస్తకాలు రాశారు. ఈ దేవతలు దాదాపు అందరూ ఆడవాళ్ళేనని, పూజారులు ఎక్కువగా బ్రాహ్మణేతరులని, బలి తప్పనిసరి అని వైట్‌హెడ్ గమనించాడు. గమనించి, ఇదంతా భయంలోంచి పుట్టిన మూఢత్వం అన్న లెక్కలో వేశాడు. తర్వాత మనవాళ్ళే ఆ దేవతలకు దుర్గ అనో పార్వతి అనో పెద్ద పేర్లు తగిలించారు. మంచాలమ్మకూ అదే జరిగింది. ఇవాళ ఆమె మఠం ప్రాంగణంలో పసుపు కుంకుమలు, చీరలు, కొబ్బరికాయలు అందుకునే శాంతమూర్తి. చుట్టుపక్కల పల్లెల అమ్మలకు దక్కే యాట మాట ఆ ప్రాంగణంలో వినపడదు. ఆమె నైవేద్యం మారింది, పేరుకు అర్థం మారింది, ఊరి పేరు మారింది. వరస మాత్రం మారలేదు.

అమ్మకు దక్కింది, అమ్మాయిలకు?

ఇక్కడ ఆగి మురిసిపోవడం తేలిక. మన ఊరి అమ్మకు తొలి మొక్కు దక్కిందిగదా అని. కానీ ఇదే కథలో ఇంకో ఆడమనిషి ఉంది. ఆమె పేరు సరస్వతి. వెంకటనాథుడి భార్య. చిన్న పిల్లవాడి తల్లి. భర్త సన్యాసం తీసుకుంటున్నాడని విని, చివరిసారి ముఖం చూడాలని పరుగున బయల్దేరి, దారిలో పాడుబావిలో పడి చనిపోయిందనీ, పిశాచమై మఠం దగ్గరకు వస్తే స్వామి కమండలంలోని నీళ్ళు చల్లి ముక్తినిచ్చాడనీ భక్తుల కథ. ఆ వంశంవాళ్ళు శుభకార్యాలకు ముందు ఆమె పేర చీర పెడతారంటారు.

ఆ నీళ్ళ చుక్కల దగ్గర కథ కరుణతో ముగుస్తుంది. నాకు మాత్రం ముగియదు. సన్యాసానికి గురువు అనుమతి కావాలి, తల్లి ఉంటే తల్లి అనుమతి కావాలి. భార్య దుఃఖాన్ని ఎక్కడ పెట్టాలో ఆ వ్యవస్థకు తెలియలేదు. అందుకే ఆమెను దయ్యం చేసింది. మంచాలలో స్థిరపడడానికి ఊరి అమ్మను అడిగిన కథ ఉంది. ఇల్లు విడవడానికి ఇంట్లో ఆమెను అడిగిన కథ లేదు.

ఇల్లు విడిచింది ఆడదైతే ఏమంటారో ఆదోనిలోనే చూడవచ్చు. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో సంసారం, ఒంటి మీది బట్ట కూడా విడిచి ఆదోని వీధుల్లో తిరిగిన లక్ష్మమ్మను జనం 'తిక్క లక్ష్మమ్మ' అన్నారు. తర్వాత అవ్వ అన్నారు. ఆ తర్వాత మహాయోగి అన్నారు. గుడి కట్టి ఇప్పుడు ఏటా తేరు లాగుతున్నారు. మగవాడికి సన్యాసం ఒక ముహూర్తంలో దక్కుతుంది. ఆమె మహాయోగి కావాలంటే ముందు పిచ్చిది కావాలి.

ఇక బసివి. పోలీసు అధికారి ఫాసెట్ 1890ల తొలినాళ్ళలో బసివిల మీద ఒక వ్యాసం రాశాడు. దేవతకు అంకితం కావడం ద్వారా మగవాళ్ళ హక్కులు పొందే స్త్రీలు అని దాని శీర్షికలోనే ఉంది. అప్పటి బళ్ళారి జిల్లాలోనూ చుట్టుపక్కలా బోయలు మొదలైన కులాల్లో మగసంతానం లేని ఇంట్లో ఒక కూతుర్ని దేవుడికో దేవతకో విడిచేవాళ్ళు. ఆమె పుట్టింట్లోనే ఉండిపోతుంది. తండ్రికి తలకొరివి పెడుతుంది. ఆస్తికి వారసురాలవుతుంది. ఆమె పిల్లలది ఆమె పుట్టింటి పేరే. చదివినప్పుడు మొదట ఆశ్చర్యం వేస్తుంది. మాతృస్వామ్యపు ఆనవాలు దొరికిందనిపిస్తుంది. కాస్త నిదానిస్తే తెలుస్తుంది. ఆమెకు హక్కు కూతురిగా రాలేదు, కొడుకు స్థానంలో నిలబడినందుకు వచ్చింది. దానికి ధర ఆమె పెళ్ళి, ఆమె శరీరం. కరువు సీమలో పేదరికం ముదిరేకొద్దీ హక్కు కరిగిపోయి ధర ఒక్కటే మిగిలింది.

ముత్తులక్ష్మీరెడ్డి ఏళ్ళ తరబడి చేసిన పోరాటం వల్ల 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ నిషేధ చట్టం వచ్చింది. ఆదోని అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనే ఉంది, 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రంతో పాటు కర్నూలు జిల్లాలోకి వచ్చింది. 1988లో ఆంధ్రప్రదేశ్ బసివి, జోగిని, మాతమ్మ వంటి పేర్లన్నిటినీ కలిపి మళ్ళీ చట్టం చేయాల్సి వచ్చింది. దానికి రెండేళ్ళ ముందు, 1986లోనే ఈ రాష్ట్రం హిందూ ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇస్తూ వారసత్వ చట్టాన్ని సవరించింది. ఈ రెండు చట్టాలనూ పక్కపక్కన పెట్టి చదవాలి. కూతురు కూతురుగానే వారసురాలు కాగలిగితే ఆమెను దేవతకు ఇచ్చి కొడుకును చేసుకోవాల్సిన పని లేదు. చట్టం పుస్తకంలో ఆ దారి తెరుచుకుంది. మా వైపు ఇళ్ళల్లో పెళ్ళినాడు పెట్టిన బంగారమే వాటా అని ఇంకా అంటూనే ఉన్నారు. ఆ వాటా మా అమ్మ అడగలేదు. అడగకపోవడమే మంచితనమని ఆమెకు నేర్పారు. అమ్మకు ముందు మొక్కే ఊళ్ళో అమ్మాయికి పట్టాలో పేరుండదు.

నీళ్ళు వచ్చినప్పుడు

2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర పొంగి మంత్రాలయాన్ని ముంచేసింది. మఠం ప్రాంగణంలోకి నీళ్ళు వచ్చాయి. జనం మిద్దెల మీదికెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. కర్నూలు పట్నమూ మునిగింది. నదికి సన్యాసి, అమ్మ అన్న తేడా లేదు. వరద తీశాక కొత్త ఇళ్ళు వచ్చాయి, కొత్త కట్టడాలు వచ్చాయి, రోడ్లు వెడల్పయ్యాయి. 2020 నవంబరులో తుంగభద్ర పుష్కరాలు కూడా జరిగాయి. ప్రతి మార్పుతోనూ మంచాల ఇంకొంచెం వెనక్కి, మంత్రాలయం ఇంకొంచెం ముందుకు.

అవ్వ వరదకు ముందే పోయింది. పోయినేడు నేను మా అమ్మాయితో, మా అమ్మతో కలిసి మళ్ళీ ఆ బస్సే ఎక్కాను. గుడి దగ్గర వరసలో మా ముందు కోసిగి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దామె ఉంది. మా అమ్మాయి నేరుగా అడిగేసింది, ముందు ఇక్కడికి ఎందుకొస్తారు అని. ఆమె నవ్వింది.

"అమ్మ ఊరికి వచ్చి అమ్మను చూడకుండ పోతే నువ్వు కూతురివేనా?"

మా అవ్వ 'ఇంటామె' అంది. ఈమె 'కూతురు' అంది. సంప్రదాయం చెప్పే కథలో ఈ రెండు మాటలూ లేవు. అక్కడ ఉన్నది 'స్వామి ఆజ్ఞ'. ఒకే నడకకు మూడు కారణాలు. మగవాళ్ళ కథలో అది ఆయన ఇచ్చిన గౌరవం. ఆడవాళ్ళ నోట్లో అది ఆమె హక్కు. గౌరవం ఇచ్చినవాళ్ళు ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. హక్కు అలా కాదు.

1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు, తెలంగాణ పోరాటంలో ఉన్న ఆడవాళ్ళు తమ నోటితో చెప్పిన మాటలే ఆధారాలయ్యాయి. పోరాటాలకు పనికొచ్చిన ఆ పద్ధతి గుడులకు ఎందుకు పనికి రాదు? ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, కౌతాళం చుట్టూ ప్రతి ఊరికీ ఒక అమ్మ ఉంది. ఆమె గుడి సున్నం కొట్టిన నాలుగు గోడలే కావచ్చు, వేపచెట్టు కింద రాయే కావచ్చు. అక్కడ ఎవరు ముందు మొక్కాలి, ఎవరింటి కుండ ముందు పోవాలి, ఎవరి కూతుర్ని ఎప్పుడు విడిచారు, ఎవరు విడవమని ఎదురు తిరిగారు, ఇవన్నీ తెలిసినవాళ్ళు ఇప్పుడు ఎనభైల్లో ఉన్నారు. వాళ్ళను ఎవరూ అడగలేదు. భక్తులుగా చూశాం, మూఢులుగా చూశాం, బాధితులుగా చూశాం. చరిత్ర తెలిసినవాళ్ళుగా చూడలేదు.

నేను కూడా చూడలేదు. మా అవ్వ బతికున్నన్నాళ్ళు, దేవరలో ఆమె నోట వచ్చే పాటలు విన్నాను గానీ రాసుకోలేదు. డిగ్రీ పిల్లలకు అక్బరు రెవెన్యూ విధానం చెబుతూ ఉండిపోయాను. ఆ తప్పు నాది.

మంచాలమ్మ గుడిలోంచి బయటకు వచ్చాక మా అమ్మ సంచి తీసి చూసుకుని, రవికెగుడ్డ ఇచ్చానా లేదా అని కంగారుపడింది. ఇచ్చావులే అన్నాను. ఇంట్లో ఇప్పుడు మగ్గాలు లేవు. గుడ్డ బజార్లో కొన్నదే. అయినా అమ్మ దాన్ని 'అవ్వ వంతు' అనే అంటుంది.